పిడక మీద విత్తనం

మా మిద్దె మీద టమాటాలు పండితే వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూడాలనుకునే రకం నేను. నాకు గర్వం ఎక్కువని అయినవాళ్ళే అంటారు. అననీ. నిజామాబాద్‌లో మా వాడలో ఎన్నో మిద్దెలున్నాయి. అన్నిటి మీదా నీళ్ళ ట్యాంకు, ఆరేసిన బట్టలు, మూలకు ఒక విరిగిన కుర్చీ. మా మిద్దె మీద మాత్రం పెయింటు డబ్బాల్లో, నూనె టిన్నుల్లో, చేపలమ్మేవాళ్ళు పారేసిన థర్మకోల్ పెట్టెల్లో ఇరవై దాకా టమాట చెట్లుంటాయి. కింది గదిలో నేను జాకెట్లు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు పైకెక్కి చూసి "ఎక్కడియక్కా గివి?" అని అడగకపోతే ఆ పూట నాకు మిషన్ మీద మనసు నిలవదు.

అవి మా అత్తమ్మ టమాటాలు. బోధన్ అవతల మా అత్తగారి ఊళ్ళో, చెరుకు తోటకు నీళ్ళు పారే కాలువ గట్టున, ఆమె కాపురానికొచ్చిన ఏడాది నుంచి పెడుతూ వచ్చిన విత్తనం. చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి తోలిన రోజుల్లోనూ ఆ గట్టు మీద ఆ చెట్లున్నాయి, ఫ్యాక్టరీ మూతబడి ఊరంతా వరికి మళ్ళిన తర్వాతా ఉన్నాయి. కాయ చూడటానికి అందగత్తె కాదు. అడ్డంగా, గుమ్మడికాయకు ఉన్నట్టు నిలువునా గాళ్ళు, అంటే గాడులు పడి ఉంటుంది. ఎర్రగా పండినా తొడిమ చుట్టూ పచ్చదనం పోదు. తోలు ఎంత పలచనంటే పొద్దున కోసినది సాయంత్రానికి పగులుతుంది. అందుకే మార్కెట్‌కు పనికిరాదు. కానీ దాని పులుపు వేరు. ఒక్క కాయతో చారు పెడితే చింతపండు డబ్బా దిక్కు చూడక్కర్లేదు. తొక్కు నూరి జొన్నరొట్టెలో పెట్టుకుంటే మా ఆయన మూడో రొట్టె అడుగుతాడు. దుకాణాల్లో దొరికే కోలటి హైబ్రిడ్ కాయ నేల మీద పడేసినా పగలదు, చారులో వేసినా కరగదు.

విత్తనం దాచడంలో అత్తమ్మకు ఒక పద్ధతి ఉంది. చెట్టుకు మొదట కాసిన గుత్తిని తినడానికి వదిలేస్తుంది. రెండో గుత్తిలో అన్నిటికంటే గాళ్ళు ఎక్కువున్న కాయను ఎంచి, దానికి ఎర్ర దారం కడుతుంది. ఆ కాయ చెట్టు మీదే తోలు ముడతలు పడేదాకా ఎవరూ ముట్టకూడదు. తర్వాత దాన్ని బొటనవేలితో చీల్చి, గుజ్జుతో సహా విత్తనాలను సగం ఎండిన పిడక మీద పులిమి, పైన పొయ్యి బూడిద చల్లి, నీడన ఆరబెడుతుంది. ఆరిన పిడకను అటక మీద నిలబెడితే పురుగు ముట్టదు, ఎలుక ముట్టదు. మిరుగం దగ్గర పడ్డాక, అంటే మృగశిర కార్తె ముందు, ఆ పిడకను నలిపి పోసుకోవడమే.

కిందటేడు ఎండాకాలం చివర అత్తమ్మ బస్సు దిగి వచ్చింది. చేతిసంచిలో రెండు పిడకలున్నాయి. ప్రతి ఏడూ నాకు ఒకటే తెచ్చేది, రెండోది ఊళ్ళో ఉంచుకునేది.

"ఇగ నా మోకాళ్ళు లేస్తలేవు బిడ్డా," అంది. "మీ మరిది ట్రాక్టర్ తిరగనీకి గట్టు దున్నిచ్చిండు. ఇగ సంది ఇత్తనం నువ్వే నిలవెట్టాలె. రెండూ తెచ్చిన, నా కాడ ఒక్కటి లేదు."

ఇద్దరు కోడళ్ళలో ఆ మాట నాతో అన్నది. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో చెప్పడానికి సిగ్గు కూడా లేదు. కవరులో చుట్టి బీరువాలో పెడతానంటే ఆమె ఒప్పుకోలేదు. "మూట గట్టకు, గాలాడాలె," అంది. సరేనని మెట్ల కింద అటక మీద నిలబెట్టాను. ఆ అటక మీదే నేను కొన్న మామూలు పిడకలు పది దాకా ఉన్నాయి. మా వీధి మురుగు మోరీ నుంచి లేచే దోమలకు సాయంత్రం పూట వేపాకు వేసి పొగ పెట్టడానికి కొంటాను.

తెలివైనవాళ్ళకు జరిగిందేమిటో ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

తొలకరి జల్లు పడి దోమలు లేచాయి. మొదటి రోజు అటక మీంచి చేతికందిన పిడకను తీసి, విరిగిన మూకుడులో పెట్టి అంటించాను. ఇల్లంతా పొగ పట్టించాను. రెండో రోజు ఇంకొకటి తీశాను. వేపాకు ఇంకా వేయలేదు, అయినా మూకుడులో చిటచిటమని చప్పుడు. పిడక చిటపటలాడదు కదా అని వంగి చూశాను. బూడిద పొర కింద సన్నటి గింజలు ఒక్కొక్కటే ఎగిరి పడుతున్నాయి.

పట్టుకారు కోసం చూడలేదు. చేత్తోనే లాగాను. మంట అంటుకున్న సగాన్ని విరిచి మోరీలోకి విసిరాను. మిగిలిన సగం నా చేతిలో ఉంది, నా వేళ్ళు కాలి తోలు లేచింది. నిన్న కాల్చింది ఏ పిడకో అనుమానమొచ్చి అటక మీద వెతికాను, రెండో విత్తనపు పిడక లేదు. యాభై ఏళ్ళ విత్తనంతో రెండు రోజులు దోమలకు పొగ పెట్టాను. ఇంట్లో ఎవరు గ్లాసు పగలగొట్టినా వాడంతా వినిపించేలా అరిచేదాన్ని, ఆ రోజు మా ఆయన "ఏమైంది?" అంటే "ఏం కాలే" అన్నాను. తేలు కుట్టిన దొంగకు నోరు ఎట్లా లేస్తుంది?

ఊళ్ళో గట్టు లేదు. మరిది వాళ్ళు టమాటాలు బోధన్‌లోనే కొంటారు. ఆ విత్తనం పంచానని అత్తమ్మకు నేను చెప్పుకున్న ఇల్లు ఒకటుంది, మా ఎదురింటి అక్కది. ఆమె దగ్గర ఉండాలి. కానీ లేదు. ఎందుకు లేదో నాకొక్కదానికే తెలుసు.

ఎదురింటి అక్క పుట్టిల్లు కమ్మర్‌పల్లి, పసుపు పండించే ఇల్లు. ఏటా పసుపు ఉడకబెట్టి ఆరబోసిన తర్వాత, ఇంట్లో దంచిన పసుపు ఒక డబ్బా నిండా నాకు తెచ్చి ఇస్తుంది. కూరలో వేసుకునేది, ముఖానికి రాసుకునేది, అంతా ఆమె పెట్టిందే. అప్పటికి మూడేళ్ళ కింద ఆమె మా మిద్దె ఎక్కి, చెట్లు చూసి, "చెల్లె, నాకూ గిన్ని ఇత్తనాలియ్యరాదు," అని అడిగింది. సరేనన్నాను. ఇవ్వబుద్ధి కాలేదు. ఆమె మిద్దె మాకంటే పెద్దది, ఎండ బాగా పడుతుంది. రేపు వీధిలో పోయేవాళ్ళు ఆ దిక్కు తలెత్తి చూస్తే? కూరగాయల్లో వచ్చిన హైబ్రిడ్ కాయ ఒకటి పిండి, ఆ విత్తనాలు ఎండబెట్టి, పొట్లం కట్టి, "మా అత్తమ్మవి," అని ఇచ్చాను. ఆమె కళ్ళకద్దుకుని తీసుకుంది. ఆమె చెట్లకు ఏడు రకాల కాయలు కాశాయి, ఏదీ మా కాయ కాలేదు. "మా బోరు నీళ్ళు ఉప్పగ ఉంటయి చెల్లె, గందుకే," అని తనకు తానే సర్ది చెప్పుకుంది. నేను అవునన్నాను.

మిరుగం నాడు మా దిక్కు ప్రతి ఇంట్లో చేపలు వండుతారు. చేపల మార్కెట్ దగ్గర ఖాళీ థర్మకోల్ పెట్టెలు ఆ ఒక్క రోజు కుప్పలు పడతాయి. మూడు తెచ్చి, కడిగి, అడుగున చిల్లులు పొడిచి, ఎర్రమట్టి, ఇసుక, చివికిన పెంట కలిపి నింపాను. మూడు ఎందుకంటే, మొదటి దాంట్లో కాలిన పిడక నుంచి గీకిన విత్తనాలు. జాకెట్ గుడ్డ ముక్కలో కట్టి ఒక రాత్రి తడిపితే, లెక్కకు ముప్పై ఆరు వచ్చాయి, అందులో సగం నల్లబడ్డవి. రెండో దాంట్లో ఇంటి వంటకని దుకాణంలో కొన్న విత్తనాల పొట్లం. మూడోది నా కపటం. బోధన్ సంతలో వెతికి వెతికి, మా కాయకు దగ్గరగా గాళ్ళున్న టమాటాలు కొన్ని తెచ్చి, వాటి విత్తనాలు తీసి పోశాను. అత్తమ్మ వచ్చి అడిగితే చూపించడానికి ఏదో ఒకటి పచ్చగా ఉండాలి కదా.

తడి గోనె కప్పి, పొద్దున సాయంత్రం ఎత్తి చూసేదాన్ని. ఆరో రోజు దుకాణం విత్తనాలు మొలిచాయి. మరునాడు సంత విత్తనాలు ఒక్కసారే మట్టిని లేపాయి. నా పెట్టె మాత్రం కదల్లేదు. ఎనిమిది రోజులు పోయాయి, పది పోయాయి. జాకెట్ చేతులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు కుట్టి తిట్లు తిన్నాను. మా ఆయన ఆ పెట్టెను చూసి, "గిండ్ల ఏం లేదు, కొత్తిమీర జల్లు," అన్నాడు. ఆయన్ను ఆ మాటకు వారం రోజులు మాట్లాడనివ్వలేదు.

పన్నెండో రోజు ఒకటి మొలిచింది. మెడ వంచుకుని, నెత్తి మీద గింజ తొక్క మోస్తూ. తొక్క రాకపోతే ఆకులు విచ్చుకోవని, దాని మీద నీటి బొట్టు పెట్టి, నానిన తర్వాత సూది మొనతో ఊడదీశాను. ఇంకో నాలుగు రోజులకు మరి మూడు వచ్చాయి. మొత్తం నాలుగు. ఆ తర్వాత నెల రోజులు చూసినా ఐదోది రాలేదు.

ఆ నాలుగింటినీ నేను సాకిన తీరు చెబితే నవ్వుతారు. ఎండ ఎక్కువైతే పరదా, వాన పెద్దదైతే గొడుగు. కోతులు వీధి మొదట్లో కనబడితే కుట్టుపని వదిలి కట్టె పట్టుకుని పైకి. అయినా అవి సన్నగా, పాలిపోయి ఉండేవి. పక్కనే సంత మొక్కలు జానెడు ఎదిగి బలిసి నిలబడ్డాయి.

మొక్కలు డబ్బాల్లోకి మార్చే వేళకు అత్తమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పి అన్న మనిషి, నీళ్ళన్నా తాగకుండా గోడ పట్టుకుని ముందు మిద్దె ఎక్కింది. నేను అనుకున్నట్టే సంత మొక్కల పెట్టెను ముందుకు పెట్టి ఉంచాను. నాలుగు మొక్కల పెట్టెను ట్యాంకు వెనక్కు జరిపాను.

అత్తమ్మ వంగి, ఆకు నలిపి వాసన చూసి, కాండం మీద వేలు రాసింది. ఆమె ముఖం విచ్చుకుంది.

"నా ఇత్తనమే గిది. గట్టు మీదికన్న మంచిగ లేచింది. నీ చెయ్యి మంచిది బిడ్డా," అంది.

గండం గడిచింది. నోరు మూసుకుని ఉంటే అక్కడితో సరిపోయేది. కానీ నాకు ఒళ్ళు మండింది. ఎవరి గట్టు మీదివో, ఎవరి సంతవో, నేను ఒక గొడుగన్నా పట్టని మొక్కలు. వాటిని పట్టుకుని నీ చెయ్యి మంచిదంటుందా? నేను కాలిన చేత్తో, సూది మొనతో నిలబెట్టినవి ట్యాంకు వెనక దాక్కుని ఉంటే? నిజాయితీ అని ఎవరూ పొగడొద్దు. నా చేత నిజం చెప్పించింది గర్వమే.

"గవి కావు అత్తమ్మా," అన్నాను. ట్యాంకు వెనక నుంచి పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాను. "నీయి గివి. నాలుగే."

మొత్తం చెప్పాను. పొగ, మూకుడు, చిటచిట, అన్నీ. ఆమె నా చెయ్యి తీసుకుని, తెల్లబడ్డ వేళ్ళ చర్మాన్ని తిప్పి చూసింది.

"చేత్తోని ఎందుకు గుంజినవే, పిచ్చిదానా," అంది. అంతే. తిట్టలేదు. తర్వాత ఆమెకు తట్టాల్సింది తట్టింది. "అవును గని, ఎదురింటామెకు ఇచ్చినవు గదా. గామె కాడ లేవా? అడగరాదు?"

నేను గోడ దిక్కు చూశాను. అదీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి అత్తమ్మ నా చెయ్యి వదిలేసింది.

"కాలవెట్టినవు, గది పొరపాటు. ఎవలకన్న అయితది," అంది నెమ్మదిగా. "గిది పొరపాటు గాదు. నా పేరు జెప్పి గామెకు ఇచ్చినవు. ఏటేటా గామె పసుపు తింటున్నవు."

ఇంటికొచ్చి ఇరవై ఆరేళ్ళయింది, ఆమె ఎదుట నేను తల దించుకున్నది అదొక్కసారే.

"రెండు గామెకియ్యి," అంది.

"నాలుగే ఉన్నయి అత్తమ్మా. రెండు పోతే..."

"నాలుగే ఉన్నయి గనకనే. నీ మిద్దె మీదికి కోతులు రావా? పో. నేను రాను, నువ్వే జెప్పాలె."

పెరుగు డబ్బాల్లో రెండు మొక్కలు పెట్టుకుని వీధి దాటాను. పది అడుగుల వీధి. ఎదురింటి అక్క వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. ఆమె చాట పక్కన పెట్టింది.

"మూడేండ్ల సంది మా బోరును తిట్టుకుంటున్న," అంది. "మా ఆయనతోని కొట్లాడి మున్సిపాలిటీ నల్లా నీళ్ళు పట్టిచ్చిన. గా చెట్లకు."

"తప్పయింది అక్కా."

"నేనైతే పసుపు అసలుదే ఇచ్చిన నీకు," అని, మొక్కలు మాత్రం తీసుకుంది. లోపలికి రమ్మనలేదు. నేను వచ్చేటప్పుడు వెనక నుంచి, "నీళ్ళు పొద్దటిపూట పొయ్యాల్నా, సాయంత్రమా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నాకు ప్రాణం లేచి వచ్చింది.

వానాకాలం నడిమధ్య, నేను బట్టలు ఇవ్వడానికి మాక్లూర్ వెళ్ళిన పూట, కోతులు మా మిద్దె మీదికి దిగాయి. నా రెండు మొక్కల్లో ఒకటి వేళ్ళతో సహా పీకి పోయాయి. అత్తమ్మ మాట గుర్తొచ్చి కోపం కూడా వచ్చింది. ఎప్పుడూ ఆమె మాటే ఎందుకు నిజమవ్వాలి? ఎదురింటి అక్క మాత్రం తన రెండింటి చుట్టూ పాత దోమతెర కట్టింది. బతుకమ్మ పండుగ నాటికి మూడు చెట్లూ కాశాయి. అడ్డంగా, గాళ్ళతో, తొడిమ చుట్టూ పచ్చగా. రెండో గుత్తిలో కాయలకు ఇద్దరం దారాలు కట్టాం. ఆమె కాయలు నా వాటికంటే పెద్దవి. ఆ విషయం ఆమె ఒకటికి నాలుగుసార్లు అంది, నేను నాలుగుసార్లూ విన్నాను. ఇద్దరం ఆమె మిద్దె మీద కూర్చుని తొమ్మిది పిడకల మీద విత్తనం పులిమాం. నాలుగు ఆమె ఇంట్లో, ఐదు నా ఇంట్లో.

ఈ ఏడు మిరుగానికి వారం ముందు మా ఇంటి ముందు ఆటో ఆగింది. అత్తమ్మ దిగింది, ఆమె వెనక ఊరి ఆడవాళ్ళు ముగ్గురు. ఒకప్పుడు అత్తమ్మ దగ్గర విత్తనం తీసుకుని గట్ల మీద పెట్టుకున్నవాళ్ళే. హైబ్రిడ్ వచ్చాక వదిలేశారు. ఇప్పుడు చారు చారులాగా లేదని మళ్ళీ కావాలంటున్నారు. నేను మిషన్ మీంచి లేచి, పిడకలు తెచ్చి, ముగ్గురికీ మూడు చేతుల్లో పెట్టాను. ఇవ్వబుద్ధి కాకపోవడమనే జబ్బు ఇంకా పూర్తిగా పోలేదు, మూడో పిడక దగ్గర చెయ్యి కొంచెం ఆగింది. అయినా పెట్టాను.

వాళ్ళలో పెద్దామె పిడకను ముక్కు దగ్గర పెట్టుకుని, అనుమానంగా అత్తమ్మను అడిగింది. "గిది నీ ఇత్తనమేనా అక్కా?"

అత్తమ్మ నా కుట్టు బల్ల మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"నా ఇత్తనం ఎప్పుడో కాలిపోయింది. గిది మా కోడలిది."